అభిప్రాయం మీదేనా?

సినిమా వదిలారు. బైక్ స్టాండు దాకా కూడా రాకముందే పక్కవాడు అడుగుతాడు, "ఎలా ఉంది?" అని. మనమూ తడుముకోకుండా చెప్పేస్తాం. "ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ కొంచెం ల్యాగ్." "ఒకసారి చూడొచ్చు." "క్లైమాక్స్ మాత్రం పిచ్చెక్కించాడు." అంత చప్పున చెప్పగలిగామంటే మన బుర్ర చురుకైనదని మురిసిపోనక్కర్లేదు. ఆ మాటల్లో చాలావరకు మనం టికెట్ కొనకముందే ఫోన్లోకి వచ్చి కూర్చున్నాయి. తెల్లవారుజామున షో చూసినవాళ్ల పోస్టులు, ఐదుకి రెండుముప్పావు అన్న రేటింగులు, అభిమానుల జేజేలు, అవతలి అభిమానుల శాపనార్థాలు. వాటిలోంచి ఒకటి ఏరుకుని మనదిగా చలామణీ చేస్తున్నాం.

సినిమా వరకైతే దీనివల్ల కొంపలేం మునిగిపోవు. కానీ ఈ అలవాటు సినిమాతో ఆగదు. కొత్తగా వచ్చిన మేనేజరు గురించి, పిల్లాణ్ణి చేర్పించాల్సిన కాలేజీ గురించి, ఇంటికి రాబోయే కోడలి గురించి కూడా ఎవరో అన్న మాట పట్టుకునే ఒక నిర్ణయానికి వచ్చేస్తాం. అది బెడిసికొట్టాక "అందరూ అలాగే అన్నారు కదా" అంటాం.

సొంతంగా చూడటం, సొంతంగా తూచడం, తూచినదాన్ని అవతలివాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం ఒక నైపుణ్యం. ఈత, డ్రైవింగ్ లాగే సాధనతోనే వస్తుంది. ఆ సాధనకి ఈ అధ్యాయంలో ఒక పాత సినిమాని తీసుకుందాం.

పాత సినిమాయే ఎందుకు?

పాత సినిమా మీద మీ అభిప్రాయం కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు. కలెక్షన్ల గొడవ ముగిసి దశాబ్దాలైంది. మీరు ఏ హీరో పక్షమో తేల్చుకోవాల్సిన అవసరం లేదు. తొందరలేనిచోటే కన్ను నెమ్మదిగా పనిచేస్తుంది.

అయితే పాత సినిమాకి వేరే బరువు ఉంటుంది. "అది క్లాసిక్ అండీ" అని ముందే ఎవరో తీర్పు చెప్పేసి ఉంటారు. నచ్చకపోతే మనకే ఏదో లోపమున్నట్టు అనిపిస్తుంది. ఆ బరువు కింద నిలబడి కూడా నిజం చెప్పగలిగితే, ఆఫీసు మీటింగులో పెద్దాయన మాటకి తలూపకుండా మర్యాదగా "నాకు వేరేలా కనిపిస్తోంది సార్" అనడం కొంత సులువవుతుంది.

అందులోనూ యానిమేషన్‌ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మామూలు సినిమాలో షూటింగ్ జరుగుతుండగా ఒక కాకి అనుకోకుండా ఫ్రేములోకి వచ్చి ఎగిరిపోవచ్చు. చేత్తో గీసిన సినిమాలోకి కాకి దానంతటది రాదు. ఎవరో ఒకరు కూర్చుని గీస్తేనే వస్తుంది. అందుకే "ఇది ఇక్కడ ఎందుకుంది?" అన్న ప్రశ్నకి యానిమేషన్‌లో దాదాపు ప్రతిసారీ ఒక జవాబు దొరుకుతుంది. దొంగతనం కథైతే ఇంకా మంచిది. ఎక్కడ ఏం దాచారో, ఎప్పుడు బయటపెట్టారో కనిపెట్టడానికి మన కళ్లు మేలుకునే ఉంటాయి.

చూసేముందు ఎంత తెలియాలి?

ఎవరిది, ఎప్పటిది, ఏ కోవకి చెందినది. ఈ మూడూ చాలు. పొగడ్తలూ తిట్లూ చూశాక చదువుకోవచ్చు.

మన సాధనకి తీసుకుంటున్నది జపాన్ సినిమా, 'లూపిన్ ద థర్డ్: ద క్యాజిల్ ఆఫ్ కాలియోస్ట్రో'. 1979 డిసెంబరులో విడుదలైంది. నిడివి సుమారు 100 నిమిషాలు. దర్శకుడు హయావో మియజాకీ. 'స్పిరిటెడ్ అవే' తీసి ఆస్కార్ అందుకున్న ఆయనే. పూర్తి నిడివి సినిమాకి ఆయన దర్శకత్వం వహించడం ఇదే మొదలు. అప్పటికి ఆయన వయసు 38. జిబ్లీ స్టూడియో పుట్టడానికి ఇంకా ఆరేళ్లుంది.

కథానాయకుడు లూపిన్ ఒక గజదొంగ. ఫ్రెంచి రచయిత మోరిస్ లెబ్లాన్ 1905లో సృష్టించిన పెద్దమనిషి దొంగ ఆర్సేన్ లూపిన్‌కి మనవడు. 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'లూపిన్' సిరీస్‌లో హీరో ఆరాధించే పుస్తకాలు ఆ తాతగారి కథలే. మనవణ్ణి పుట్టించింది మంకీ పంచ్ అనే కలం పేరున్న జపాన్ కార్టూనిస్టు, 1967లో, ఒక వారపత్రిక కోసం.

ఇంతవరకు తెలిస్తే చాలు. ఇక్కడి నుంచి కథ బయటపడుతుంది. ఈ సినిమా మీరు చూడకపోతే పుస్తకం ఇక్కడే మూసేసి, చూసి రండి. మొదటిసారి చూడటం ఒక్కసారే ఉంటుంది. దాన్ని నా చేతుల్లో పెట్టకండి.

మొదటి మెట్టు: ముందు చూసింది, తర్వాత అనిపించింది

నోట్‌బుక్‌లో పేజీకి నిలువుగా ఒక గీత కొట్టండి. ఎడమవైపు "చూసింది", కుడివైపు "అనిపించింది" అని రాసుకోండి. షరతు ఒక్కటే: ఎడమవైపు ఏమీ లేకుండా కుడివైపు ఒక్క ముక్క కూడా రాయకూడదు.

సినిమా మొదటి నిమిషాలనే చూడండి. మాంటెకార్లో జూదశాలని దోచుకుని లూపిన్, అతని జోడీ జిగెన్ బుల్లి ఫియట్ 500 కారులో పారిపోతుంటారు. లోపల నోట్ల కట్టలు కిక్కిరిసి ఉన్నాయి. ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. లూపిన్ ఒక నోటు తీసి పరీక్షగా చూస్తాడు. నవ్వు ఆగిపోతుంది. అవి దొంగనోట్లు. ఎంత బాగా అచ్చేశారంటే జూదశాలవాళ్లే మోసపోయారు. వెంటనే దొంగలిద్దరూ ఆ డబ్బంతా కిటికీల్లోంచి రోడ్డు మీదికి ఎగజల్లేస్తారు. సినిమా పేర్లు ఆ తర్వాత మొదలవుతాయి.

ఎడమవైపు ఇది రాశాక కుడివైపు ఏం రాస్తారు? "ఓపెనింగ్ సూపర్" అని రాయబుద్ధవుతుంది. కలం ఒక్క క్షణం ఆపండి. ఏం జరిగింది? దొంగతనం సినిమాలో దొంగతనం టైటిల్స్‌కి ముందే అయిపోయింది. పైగా సొమ్ము పారేశారు. ఇతను దొంగే, కానీ నకిలీ సరుకు ముట్టుకోవడం తన వృత్తికి అవమానం అనుకునే దొంగ. ఈ సంగతి సినిమాలో ఎవరూ ఉపన్యాసంగా చెప్పలేదు. చేత పట్టిన నోటు, ఆగిన నవ్వు, తెరిచిన కిటికీ చెప్పాయి. "ఓపెనింగ్ సూపర్" అన్న మాట కంటే "సొమ్ము పారేసే సీన్‌తోనే హీరో స్వభావం తెలిసిపోయింది" అన్న మాట మీకు ఎక్కువ పనికొస్తుంది. ఎందుకంటే రెండోదాన్ని మీరు రుజువు చేయగలరు.

ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవాళ్లకీ ఇదే పద్ధతి. "కుర్రాడికి కాన్ఫిడెన్స్ తక్కువ" అన్నది కుడివైపు మాట. "తెలియని ప్రశ్నకి రెండుసార్లు తెలియదనే చెప్పాడు" అన్నది ఎడమవైపు మాట. ఎడమవైపు రాసి చూస్తే ఒక్కోసారి కుడివైపుది తలకిందులవుతుంది. ఆ కుర్రాడు నిజాయితీపరుడు కూడా కావచ్చు.

రెండో మెట్టు: "ఇది ఎక్కడో చూశానే" అనిపించినప్పుడు

కథలో ముఖ్యమైనది దొంగనోట్ల మూలం వెతకడం. అది కాలియోస్ట్రో అనే కల్పిత చిన్న దేశంలో ఉంది. అక్కడి కౌంట్, రాకుమారి క్లారిస్‌ని బలవంతంగా పెళ్లాడబోతున్నాడు. ఆమె ఉంగరం, తన ఉంగరం ఒకచోట చేరితే తరతరాల నిధి దక్కుతుంది. కోట, బురుజులో బందీ అయిన అమ్మాయి, దుష్టుడైన ప్రభువు, గడియారపు స్తంభం లోపల పళ్ల చక్రాల మధ్య ఆఖరి పోరాటం. ఇవన్నీ చూస్తుంటే "పాత చింతకాయ పచ్చడే కదా" అనిపించడం సహజం.

ఇక్కడ తేదీలు చూసుకోవాలి. లండన్ బిగ్ బెన్ గడియారం చక్రాల మధ్య పోరాటమున్న డిస్నీ సినిమా 'ద గ్రేట్ మౌస్ డిటెక్టివ్' 1986లో వచ్చింది. ఆ చక్రాల కోసం డిస్నీ కంప్యూటర్ సాయం తీసుకుంది. మియజాకీ బృందం అంతకు ఏడేళ్ల ముందే పారదర్శకమైన షీట్ల మీద చేత్తో గీసి, రంగులద్ది, ఫ్రేము తర్వాత ఫ్రేము కెమెరాతో ఫొటోలు తీసి అదే పని చేసింది. మనం తర్వాత వచ్చినవి ముందు చూసి, ముందు వచ్చినదాన్ని కాపీ అనుకుంటున్నాం.

అలాగని "అన్నీ ఈయనే కనిపెట్టాడు" అని రాసినా తప్పే. కాలియోస్ట్రో పేరు 1924 నాటి లెబ్లాన్ నవలలో ఉంది. సరస్సు అడుగున రోమన్ శిథిలాలున్నాయన్న ఊహ ఆయనే 1927లో రాసిన ఇంకో నవలలో ఉంది. కోట తీరు మీద ఫ్రెంచి యానిమేషన్ దర్శకుడు పాల్ గ్రిమో ప్రభావం ఉంది. గడియారపు స్తంభం వెనక మియజాకీ చిన్నప్పుడు చదివిన ఎదోగావా రాంపో డిటెక్టివ్ కథ ఉంది. అంటే ఎవరు మొదటివాడన్న పంచాయితీ ఎక్కడా తెగదు. సమీక్షకుడు అడగాల్సిన ప్రశ్న వేరు: తీసుకున్నదాంతో ఇతనేం చేశాడు?

జవాబుకి కోటపైకప్పు సీన్ చూడండి. ఎదురు బురుజుకి తాడు వేయడానికి లూపిన్ చిన్న రాకెట్ తెచ్చుకుంటాడు. అది చెయ్యి జారి వాలు కప్పు మీద దొర్లిపోతుంది. పట్టుకోవడానికి వెంటపడతాడు. వాలు ఎక్కువయ్యేకొద్దీ పరుగు ఆగదు. ఇక ఆగలేడని అర్థమయ్యాక ఆ పరుగునే దూకుడు చేసుకుంటాడు. చందమామ వెలుగులో ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి ఎగురుతూ అవతలికి చేరిపోతాడు. బురుజెక్కే వీరుడు పాతవాడే. పథకం తుస్సుమన్నాక, కాళ్లు జారి వీరుడైనవాడు కొత్త. నవ్వూ, గుండె దడా ఒకే పరుగులో వచ్చాయి. ఇదీ తీసుకున్నదాంతో చేసినది.

మూడో మెట్టు: రెండు ప్రశ్నల్ని కలిపేయకండి

మంకీ పంచ్ బొమ్మల కథల్లో లూపిన్ మోటువాడు, ఆడవాళ్ల వెంటపడేవాడు, చంపడానికీ వెనకాడనివాడు. మియజాకీ లూపిన్ మెత్తనివాడు. తన మొదటిరోజుల్లో గాయపడి పడిపోయినప్పుడు గుక్కెడు నీళ్లు తాగించిన చిన్నపిల్లే ఈ క్లారిస్ అని గుర్తుపెట్టుకుని, ఆ రుణం తీర్చుకోవడానికి ప్రాణాలకి తెగించేవాడు. పాత లూపిన్‌ని ప్రేమించినవాళ్లలో కొందరికి ఈ మార్పు మింగుడుపడలేదు.

వాళ్ల ఫిర్యాదులో న్యాయముంది. కానీ అందులో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. ఇది మంచి సినిమాయేనా? ఇది మంచి లూపిన్ సినిమాయేనా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని చెప్పే హక్కు మీకుంది. రెంటినీ కలిపి ఒకే మార్కు వేస్తే ఏ ప్రశ్నకీ జవాబు చెప్పినట్టు కాదు. బదిలీ మీద వచ్చిన కొత్త హెడ్మాస్టర్ని పాత హెడ్మాస్టరు పోలికతోనే కొలిచే ఊళ్లో కూడా జరిగేది ఇదే.

తీర్పుల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విడుదలైనప్పుడు ఈ సినిమా బాక్సాఫీసు దగ్గర పెద్దగా ఆడలేదు. ఆ ఏడాదికి యానిమేషన్‌లో జపాన్‌లో పేరున్న ఒఫుజీ నొబురో అవార్డు మాత్రం దీనికే వచ్చింది. తర్వాత టీవీలో పదేపదే వేసినకొద్దీ జనానికి దగ్గరైంది. బాక్సాఫీసు ఒక మాటంది, జ్యూరీ ఒక మాటంది, కాలం ఇంకో మాటంది. ముగ్గురిలో ఎవరి పక్షం చేరాలా అని చూడకండి. మీ మాట నాలుగోది.

నాలుగో మెట్టు: ఒక్క విషయాన్ని చివరిదాకా వెంబడించండి

సినిమా మొత్తం గురించి మాట్లాడాలనుకుంటే గాలి మాటలే వస్తాయి. ఒక వస్తువునో, ఒక కదలికనో పట్టుకుని చివరిదాకా వెంట నడవండి. ఈ సినిమాలో నేనైతే లూపిన్ చేతుల్ని పట్టుకుంటాను.

బురుజు గదిలో క్లారిస్ ఆశ వదులుకుని కూర్చుని ఉంటుంది. లూపిన్ ఆమె ముందు మోకరిల్లి, ఖాళీ చేతిని బిగించి, అందులోంచి ఒక చిన్న పువ్వు తీసి ఇస్తాడు. పువ్వు వెనకాలే దారానికి గుచ్చిన బుల్లి జెండాలు వరసగా వస్తాయి. ప్రస్తుతానికి నా వల్ల అయ్యేది ఇంతే అంటాడు. సంతలో గారడీవాడు చేసే పనే. కానీ దొంగ చెయ్యి తీసుకోవడానికి బదులు ఇవ్వడం ఈ సినిమాలో ఇక్కడే మొదలవుతుంది.

ముగింపులో అంతా సద్దుమణిగాక, తననీ తీసుకెళ్లమని క్లారిస్ అతన్ని హత్తుకుంటుంది. దొంగతనం కూడా నేర్చుకుంటానంటుంది. ఇప్పుడు అతని చేతులు చూడండి. ఆమె భుజాల చుట్టూ రాబోతాయి, గాలిలోనే వణుకుతాయి, ముడుచుకుపోతాయి. చివరికి భుజాలు పట్టుకుని నెమ్మదిగా దూరం జరుపుతాడు. ప్రపంచంలో దేన్నైనా కాజేయగలిగినవాడు తన దగ్గరికి తానై వచ్చినదాన్ని ముట్టుకోలేకపోయాడు. ఈ సినిమాకి ప్రాణం ఆ రెండు చేతుల్లో ఉందని నా అభిప్రాయం.

అతన్ని వెంటాడే ఇంటర్‌పోల్ ఇన్‌స్పెక్టర్ జెనిగాటా ఆ వెంటనే వచ్చి, వాడు ఒక పెద్ద వస్తువే దొంగిలించాడు, అది మీ మనసు అని క్లారిస్‌తో అంటాడు. జపాన్‌లో అందరికీ నోటికొచ్చిన డైలాగది. చేతులు చెప్పేసినదాన్ని మళ్లీ నోటితో చెప్పాలా? అక్కర్లేదని మీరు రాయవచ్చు. నేనైతే దాన్ని వెనకేసుకొస్తాను. సినిమా పొడుగునా అరెస్టు, అరెస్టు అని అరిచినవాడి నోటి నుంచి వచ్చింది కాబట్టే అది అతికింది.

ఐదో మెట్టు: లోపాన్ని పేరు పెట్టి చెప్పండి

"కొంచెం ల్యాగ్" అన్నది విమర్శ కాదు, విసుగు. ఎక్కడ, ఎవరి వల్ల, ఏం తగ్గిందో చెబితేనే విమర్శ అవుతుంది. అన్నట్టు, ఈ సినిమాకి ఫస్టాఫ్ సెకండాఫ్ కొలతలు సరిపోవు. ఇంటర్వెల్ బ్యాంగ్ కోసం కట్టిన కథ కాదిది.

ఈ సినిమాలో నాకు కనిపించిన లోపాలు ఇవి. కత్తి వీరుడు గోయెమోన్‌కి పేరున్నంత పని లేదు. అతన్ని తీసేసినా కథ దాదాపు అలాగే నడుస్తుంది. కౌంట్ మొదటి సీన్ నుంచి చివరి సీన్ దాకా ఒకే రంగు మనిషి. అతని వెనక ఉన్న సంగతి మాత్రం చాలా పెద్దది: ఆ దొంగనోట్ల వ్యాపారంలో పెద్ద పెద్ద ప్రభుత్వాలకే ప్రమేయం ఉండటంతో ఇంటర్‌పోల్ సాక్ష్యం చేతిలో ఉన్నా కదలదు. అంత పదునైన విషయాన్ని ఎత్తుకుని, దాన్ని ఒక దుర్మార్గుడి చావుతో తేల్చేయడం నాకు తక్కువగా అనిపించింది.

క్లారిస్ సంగతి జాగ్రత్తగా తూచాలి. "ఆడపిల్ల మరీ అమాయకురాలు, ఆ కాలం అంతే" అని కొట్టిపారేయడం సులువు. కాలం కారణం చెబుతుంది, మినహాయింపు ఇవ్వదు. అందుకే ఎడమవైపు పేజీ తిప్పండి. పెళ్లిబట్టల్లోనే కారు నడుపుకుంటూ పారిపోయింది ఆమె. లూపిన్ తుపాకీ దెబ్బ తిని పడిపోతే అడ్డుగా నిలబడిందీ ఆమే. అయినా కథ ఎక్కువసేపు ఆమెని బందీగానే ఉంచింది. అదే సినిమాలో ఫుజికో అనే గూఢచారిణి పరిచారిక వేషంలో కోటలో చేరి, తన పని తాను చక్కబెట్టుకుని, పెళ్లిలో జరిగే గొడవని టీవీ కెమెరాతో ప్రపంచానికి చూపిస్తుంది. ఒకే దర్శకుడు ఇద్దరినీ గీశాడు. ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెడితే మీ విమర్శకి పొగడ్త కంటే ఎక్కువ విలువ వస్తుంది.

ఇప్పుడు రాయండి

సమీక్ష 300 మాటలు దాటనివ్వకండి. దానికి ఈ క్రమం సరిపోతుంది:

1. ఇది ఎవరి కథో, ఏం కోరుకుంటున్నారో రెండు వాక్యాల్లో. ముగింపు చెప్పకుండా.
2. మిమ్మల్ని పట్టుకున్న ఒక్క సీన్, చూడనివాళ్లకి కూడా కళ్లకి కట్టేలా.
3. ఆ సీన్ ఎందుకు పనిచేసిందో మీ లెక్క.
4. పనిచేయనిది ఒకటి, కారణంతో సహా.
5. ఎవరికి నచ్చవచ్చు, ఎవరికి నచ్చకపోవచ్చు.

రాశాక "అద్భుతం", "నెక్స్ట్ లెవెల్", "మైండ్‌బ్లోయింగ్", "టైమ్‌పాస్", "ల్యాగ్" అన్న మాటలన్నీ కొట్టేయండి. మిగిలినదాంట్లో అర్థం నిలబడితే సమీక్ష బాగుంది. కూలిపోతే ఆ మాటలే స్తంభాలుగా ఉన్నాయన్నమాట. మళ్లీ రాయండి. నక్షత్రాలు, మార్కులు ఇవ్వకండి. మార్కు కనిపిస్తే చదివేవాడు కారణాలు చదవడు. రాసేవాడు కూడా ఆ మార్కుకి సరిపడా కారణాలు వెతుక్కుంటాడు.

ఆ తర్వాతే ఇతరుల సమీక్షలు చదవండి. మీకు తట్టనిది వాళ్లకి తట్టి ఉంటే సినిమా ఆ ముక్క మళ్లీ చూడండి. ఒప్పుకుంటే మీ అభిప్రాయం మార్చుకోండి. సీన్ చూసి మార్చుకున్న అభిప్రాయం కూడా మీదే అవుతుంది. చూడకుండా అంటిపెట్టుకున్నది కాదు.

ఈ వారం సాధన

పాతికేళ్లు దాటిన సినిమా, ఇదివరకు చూడనిది, ఒకటి ఎంచుకోండి. రెండు గడుల పేజీతో చూడండి. ఫోన్ వేరే గదిలో పెట్టండి. మర్నాడు రాయండి. ఆ రాసినదాన్ని మీతో తరచూ విభేదించే మనిషికి చదివి వినిపించండి. ఆయన గానీ ఆవిడ గానీ "ఎందుకలా అంటున్నావు?" అని అడిగిన ప్రతిచోటా మీరు ఒక సీన్ చూపించగలగాలి. చూపించలేకపోయిన వాక్యం కింద గీత పెట్టుకోండి. ఆ వాక్యాలు ఎక్కడివో, మీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చాయో పక్కన రాయండి.

వచ్చే వారం ఇదే పేజీని సినిమా బదులు మీ ఆఫీసులో మీకు నచ్చని ఒక సహోద్యోగి మీద వాడి చూడండి. ఎడమవైపు గడి నిండేదాకా కుడివైపు కలం పెట్టకండి.